వాలు మీద జీరో టర్న్ మోవర్: అడ్డంగా నడపాలా, పైకీ కిందికీ నడపాలా? (పెట్రోల్ వాసన కూడా వస్తోంది)

పచ్చికదారి
అందరికీ నమస్కారం. పెద్ద ఆవరణల్లో కాంట్రాక్టు మీద గడ్డి కోసే టీమ్‌లో ఈమధ్యే చేరాను. ఇప్పటిదాకా చదును నేల మీదే బండి నడిపాను. కొత్తగా ఇచ్చిన చోట ఒక పొడవాటి గట్టు ఉంది. దాని అడుగున నీటి గుంట. మా సూపర్‌వైజర్ గట్టుకు అడ్డంగా కోసుకుంటూ పొమ్మంటున్నారు. ఇంతకుముందు ఈ పని చేసినాయన మాత్రం అడ్డంగా వెళ్తే పల్టీ కొడుతుంది, పైకీ కిందికీ వెళ్లు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బండి కమర్షియల్ జీరో టర్న్, అంటే రెండు చేతి లివర్లతో నడిపే, ఉన్నచోటే గిర్రున తిరగగల మోవర్. 60 అంగుళాల డెక్ (బ్లేడ్లు తిరిగే కింది పెట్టె), వెనక గడ్డి సంచి, మడిచే రోల్ బార్ (పల్టీ కొడితే నడిపేవాణ్ని కాపాడే ఇనుప చట్రం) ఉన్నాయి. గట్టు కంటికి మరీ నిటారుగా ఏమీ లేదు.

ఇంకో సంగతి. గట్టు మీద ఉన్నంతసేపు పెట్రోల్ వాసన వస్తోంది, చదునుకు రాగానే పోతోంది. ఇది మామూలేనా?

మైదానం మేస్త్రి
తమ్ముడూ, "కంటికి నిటారుగా లేదు" అన్న మాట ముందు పక్కన పెట్టు. వాలు విషయంలో కన్ను ఎప్పుడూ మోసం చేస్తుంది. కింద నిలబడి చూస్తే ఒకలా, సీట్లో కూర్చుంటే ఇంకోలా కనిపిస్తుంది.

సరిగ్గా మీటరు పొడవున్న చెక్క ఒకటి తీసుకో. ఒక కొస గట్టుకు ఆనించి, పైన రసమట్టం పెట్టి చెక్కను మట్టంగా పట్టుకో. రెండో కొస నుంచి నేల దాకా నిలువుగా టేపుతో కొలువు. 17 సెంటీమీటర్లు దాటి 18కి దగ్గరగా వస్తే వాలు 10 డిగ్రీలు. 27 వస్తే 15 డిగ్రీలు. 36 దాటితే 20 డిగ్రీలు, అక్కడికి నీ బండి వెళ్లకూడదు. ఫోన్లో కోణం చూపే యాప్ ఉన్నా పర్లేదు. కాకపోతే ఫోన్‌ను నేరుగా గడ్డి మీద పెట్టకు, వాలు వెంట పరిచిన చెక్క మీద పెట్టు.

డిగ్రీలకీ శాతానికీ తేడా ఉంటుంది, చాలామంది పొరపడేది అక్కడే. 15 డిగ్రీలంటే దాదాపు 27 శాతం వాలు. "మా మాన్యువల్ 15 అంది, ప్లానులో 15 శాతమే ఉంది, హద్దు దగ్గరికి వచ్చేశాం" అని వాదించినవాళ్లను చూశాను. దీన్నే తిరగేసి పొరబడితే మాత్రం ప్రమాదం. ప్లానులోని 25 శాతాన్ని 25 డిగ్రీలు అనుకుని భయపడ్డా నష్టం లేదు, 25 డిగ్రీల గట్టును 25 శాతం అనుకుంటేనే కొంప మునుగుతుంది.

గట్టు మొత్తానికి ఒకచోట కొలిచి ఊరుకోకు. ఎక్కడ ఎక్కువ నిటారుగా ఉందో అక్కడ కొలువు. ఆ తర్వాత మాన్యువల్ తెరువు. జీరో టర్న్‌లలో చాలావాటికి హద్దు 15 డిగ్రీలు, కొన్నింటికి 10. నీ బండికి ఎంత రాశారో అదే లెక్క.

ఏటవాలు
ఈ డిగ్రీలన్నీ కాగితం లెక్కలండీ. నేను ఎప్పుడూ అడ్డంగానే కోస్తాను, ఏమీ కాలేదు. పైకీ కిందికీ వెళ్తేనే టెన్షన్, దిగేటప్పుడు బండి మన మాట వినదు. బ్రేకు ఉన్నట్టే అనిపించదు.

స్పానర్ సూరి
> దిగేటప్పుడు బండి మన మాట వినదు

మీరు చెప్పింది నిజమే. అయితే అది ఎందుకో తెలిస్తే అడ్డంగా వెళ్లినప్పుడూ అదే ప్రమాదం పొంచి ఉందని అర్థమవుతుంది.

జీరో టర్న్‌లో ముందు చక్రాలకు స్టీరింగ్ లేదు, బ్రేకు లేదు. సూపర్ మార్కెట్ ట్రాలీ చక్రాల్లా ఎటు తోస్తే అటు తిరుగుతాయి. ముందుకు పోవడం, మలుపు తిరగడం, ఆగడం, ఈ మూడు పనులూ వెనక రెండు టైర్లే చేస్తాయి. లివర్ వెనక్కి లాగితే హైడ్రాలిక్ మోటారు ఆ టైర్లనే నెమ్మదింపజేస్తుంది. పార్కింగ్ బ్రేకు పట్టేదీ ఆ టైర్లనే. అవి గడ్డి మీద జారాయంటే బ్రేకుతోపాటు స్టీరింగ్ కూడా ఒకేసారి పోతుంది. ట్రాక్టర్ రకం రైడింగ్ మోవర్‌లో వెనక టైర్లు జారినా ముందు చక్రాలతో కొంతైనా దారి మళ్లించవచ్చు. ఇందులో ఆ అవకాశమే లేదు.

వాలు దిగేటప్పుడు బరువు ముందుకు, అంటే ఏ పట్టూ లేని చక్రాల మీదికి పోతుంది. వెనక టైర్లు తేలికవుతాయి. అందుకే మీకు బ్రేకు లేనట్టు అనిపిస్తోంది. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది. ఇంజిన్ ఎటూ వెనకే ఉంది, దానికి నిండిన గడ్డి సంచి తోడైతే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అడ్డంగా పోతే పై టైరు తేలికై, కింది టైరు మీద భారం పడుతుంది. ముందు చక్రాలు కిందికి తిరగాలని చూస్తుంటాయి, మీరు కింది లివర్‌ను కాస్త ఎక్కువ తోస్తూ సరిచేస్తుంటారు. పై టైరు ఒక గుంతలోంచి లేచినా, కింది టైరు ఒక గుంతలో దిగినా కోణం ఒక్కసారిగా పెరిగిపోతుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. చేత్తో తోసే మోవర్ అయితే ఎప్పుడూ అడ్డంగానే. పైకీ కిందికీ వెళ్తే కాలు జారి డెక్ కిందికి పోవచ్చు, లేదా బండే మన మీదికి దొర్లవచ్చు. ట్రాక్టర్ రకం రైడింగ్ మోవర్ అయితే పైకీ కిందికీ, ఎందుకంటే అది పక్కకు పల్టీ కొడుతుంది. జీరో టర్న్‌కు మాత్రం అన్ని కంపెనీలూ ఒకే మాట చెప్పవు. ఆ మోడల్ వెడల్పు, బరువు ఎక్కడుంది అన్నదాన్ని బట్టి సూచన మారుతుంది. కాబట్టి సూపర్‌వైజర్ మాటా, పాతాయన మాటా రెండూ కాదు, మీ బండి మాన్యువల్ ఏమందో అది చేయండి.

పచ్చికదారి
సూరి గారూ, మరి దిగుతున్నప్పుడు జారడం మొదలైతే ఏం చేయాలి? లివర్లు గట్టిగా వెనక్కి లాగేయాలా?

స్పానర్ సూరి
వద్దు. గట్టిగా లాగితే టైర్లు నిలిచిపోయి స్లెడ్జి పట్టాల్లా జారతాయి, మిగిలిన కాస్త పట్టూ పోతుంది. ముందు బ్లేడ్ల స్విచ్ ఆపేయండి. మలుపు తిప్పకండి. లివర్లను మెత్తగా కదుపుతూ, టైరు మళ్లీ నేలను పట్టుకునేలా, నెమ్మదిగా నేరుగా కిందికే దిగండి. కాలు కింద పెట్టి ఆపుదామని అస్సలు చూడకండి.

కింద నీళ్లున్నప్పుడు ఈ సలహా ఎంతవరకు పనికొస్తుందో మీరే ఆలోచించుకోండి. జారాక చేసేదానికన్నా, జారినా నీళ్ల దాకా వెళ్లనంత దూరంలో కోయడమే ముఖ్యం.

తోట_రాణి
డిగ్రీల గురించి ఇంత చర్చ జరిగింది, గడ్డి గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? మాన్యువల్‌లో రాసిన అంకె పొడి గడ్డికి, గట్టి నేలకు, మంచి టైర్లకు. పొద్దున్నే మంచు పడి ఉంటే 10 డిగ్రీల గట్టు కూడా మింగేస్తుంది.

మా టీమ్‌లో గట్లు ఎప్పుడూ చివర్న పెడతాం. ముందు చదునంతా అయ్యేసరికి ఎండ వచ్చి గట్టు ఆరుతుంది. ఒకవైపు చెట్ల నీడ ఉంటే ఆ ముక్క ఇంకా తడిగానే ఉంటుంది, బండి పొడి నుంచి తడిలోకి అడుగుపెట్టే చోటే జారుడు మొదలవుతుంది. కాలి బూటుతో గడ్డిని గట్టిగా రాసి చూడండి. బూటు జారితే టైరు కూడా జారుతుంది.

కోసి పడిన గడ్డి కూడా జారుతుంది, ఇది చాలామందికి తట్టదు. ఒక వరుస కోసి, రాలిన గడ్డి మీదుగా రెండో వరుస పోతే టైరుకూ నేలకూ మధ్య పచ్చి గడ్డి పొర ఉన్నట్టే. కాబట్టి డెక్ కోసిన గడ్డిని విసిరే వైపును చూసుకుని వరుసలు పెట్టుకోవాలి. ఇక టైర్లు. రెండింటిలో గాలి సమానంగా లేకపోతే చదును నేల మీదే బండి పక్కకు లాగుతుంది, గట్టు మీద సంగతి చెప్పక్కర్లేదు. అరిగిన టైర్లతో గట్టు ఎక్కనివ్వను, అంతే.

కొత్త గట్టు దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. బ్లేడ్లు ఆపి, సంచి ఖాళీ చేసి, కింద నీళ్లో గోతులో లేనిచోట బండిని రివర్సులో గట్టు ఎక్కించి చూడండి. వెనక్కి ఎక్కలేకపోతే ఆ గట్టును ఆ బండితో కోయకూడదు. ఎక్కినా సీట్లో మీకు అసౌకర్యంగా అనిపిస్తే కూడా కోయకూడదు. ఈ రెండో మాట కంపెనీల మాన్యువల్స్‌లో కూడా ఉంటుంది, నేను కల్పించింది కాదు.

ఏటవాలు
రాణి మేడమ్ చెప్పిన గడ్డి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ రోల్ బార్, బెల్టు వ్యవహారం నాకు నచ్చదు. చెట్ల కింద అడ్డం అని రోల్ బార్ మడిచే నడుపుతాను. బెల్టు పెట్టుకుంటే పల్టీ కొట్టేటప్పుడు దూకే అవకాశం కూడా ఉండదు కదా?

మైదానం మేస్త్రి
దూకుతారా? ఎటు దూకుతారు? బండి పక్కకు ఒరిగినప్పుడు మనిషి పడేది బండి ఒరిగే వైపే. అరటన్ను దాటే యంత్రం మీ వెనకే వచ్చి మీ మీదే పడుతుంది. సినిమాల్లోలా పై వైపుకు ఎగిరి దూకే టైమ్ ఉండదు.

రోల్ బార్ ఉన్నదే పల్టీ కొట్టినప్పుడు సీటు చుట్టూ కాస్త చోటు నలగకుండా మిగలడానికి. ఆ చోట్లో మిమ్మల్ని పట్టి ఉంచేది బెల్టు. రోల్ బార్ లేపి బెల్టు పెట్టుకోకపోతే ఆ చోట్లోంచి బయటికి విసిరేస్తుంది, ఒక్కోసారి ఆ బార్ కిందే పడతారు. రోల్ బార్ మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, ఎందుకంటే కాపాడే చోటే లేనప్పుడు బండికి కట్టేసుకున్నట్టవుతుంది. కాబట్టి లేపి ఉంటే బెల్టు పెట్టుకో, మడిచి ఉంటే బెల్టు తీసేయ్. చెట్టు కొమ్మ కోసం మడిచినవాళ్లు కొమ్మ దాటగానే మళ్లీ లేపాలి. మడిచి ఉండగా గట్టు ఎక్కడం అన్నమాటే లేదు. గట్టు మీదే చెట్టు ఉంటే ఆ చెట్టు చుట్టూ చేతి ట్రిమ్మర్ వాడండి.

ఇంకోటి. వంగిన రోల్ బార్‌ను సుత్తితో సరిచేసి, వెల్డింగ్ పెట్టి, రంగు వేసి తిరిగేవాళ్లు ఉన్నారు. అది ఇక రోల్ బార్ కాదు, అలంకారం. వంగితే మార్చడమే. గొడుగు బిగించడానికి దానికి చిల్లులు కూడా పెట్టకూడదు.

ఏటవాలు
అరవకండి సార్, అడిగాను అంతే.

నిర్వాహకుడు
అందరూ కాస్త నెమ్మది. చర్చ బాగుంది, వ్యక్తిగతంగా వెళ్లకండి. పచ్చికదారి గారూ, కొలతలు పెడితే ఇంకా స్పష్టంగా చెప్పగలరు.

పచ్చికదారి
కొలిచాను. గట్టులో ఎక్కువ భాగం 11, 12 డిగ్రీలు. ఒక తూము ఉన్న దగ్గర మాత్రం మీటరుకు 32 సెంటీమీటర్లు పడింది, అంటే 18 డిగ్రీలకు దగ్గర. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి, మేస్త్రి గారు చెప్పినట్టు కన్ను నిజంగానే మోసం చేసింది.

మాన్యువల్ దొరికింది. హద్దు 15 డిగ్రీలు. పైకీ కిందికీ కోయమంది. నీళ్లు, గోతులు, రిటైనింగ్ గోడల అంచు నుంచి బండి వెడల్పుకు రెండింతలు దూరం ఉండమంది. సంచి బిగిస్తే వాలు హద్దు ఇంకా తగ్గుతుందని వేరే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. అది నేనే కాదు, మా సూపర్‌వైజర్ కూడా చూడలేదు.

పెట్రోల్ వాసన గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

స్పానర్ సూరి
వాసన మామూలు కాదు. వాసన వస్తోందంటే ఎక్కడో ఆవిరో, పెట్రోలో బయటికి వస్తోంది. గట్టు మీదే వస్తోంది కాబట్టి నా మొదటి అనుమానం ట్యాంకు మూత మీద. ట్యాంకు నింపేటప్పుడు మెడ దాకా నింపుతున్నారా? చదునులో మూతకు కింద ఉన్న పెట్రోల్ బండి ఒరగగానే మూతకు తగులుతుంది. మూతలోని గాలి రంధ్రంలోంచో, అరిగిన రబ్బరు వాషర్ పక్కనుంచో చెమ్మగిల్లుతుంది. కొన్ని బండ్లలో ట్యాంకుకు, సైలెన్సర్‌కు మధ్య జానెడు దూరం కూడా ఉండదు.

మెడ అడుగు దాకా మాత్రమే పోయండి, మెడలోకి రాకూడదు. పెట్రోల్ వేడికి ఉబ్బుతుంది, 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 1 శాతం. 20 లీటర్ల ట్యాంకు చల్లటి పెట్రోల్‌తో అంచు దాకా నింపి ఎండలో వదిలేస్తే, 30 డిగ్రీలు వేడెక్కేసరికి అర లీటరు పైచిలుకు ఎక్కడికైనా పోవాలి కదా.

అది సరిచేశాక కూడా వాసన వస్తే ఇంజిన్ చల్లారనిచ్చి, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న గొట్టం మొత్తం చూడండి. వంపు తిరిగే చోట వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. క్లిప్పులు వదులయ్యాయేమో చూడండి. టేపు చుట్టి సరిపెట్టకండి, పెట్రోల్ గొట్టం పెట్టాల్సిన చోట మామూలు నీళ్ల గొట్టం ముక్క కూడా వేయకండి.

మాట వచ్చింది కాబట్టి ఆయిల్ గురించి కూడా. చిన్న ఇంజిన్లలో కొన్నింటికి ఆయిల్ పంపు ఉండదు, లోపలి గరిటె ఆయిల్‌ను చిమ్ముతుంది. అలాంటిది గట్టు మీద ఒకే కోణంలో ఎక్కువసేపు ఉంటే ఆయిల్ ఒక పక్కకు చేరి పై భాగాలు ఎండుతాయి. కమర్షియల్ ఇంజిన్లలో పంపు ఉంటుంది, అయినా ఆయిల్ తక్కువగా ఉంటే పంపు గాలి పీలుస్తుంది. డిప్‌స్టిక్‌ను చదును మీదే చూడాలి. గట్టు దిగాక తెల్లగానో నీలంగానో పొగ కక్కితే ఆయిల్ సిలిండర్‌లోకి పోయిందని అర్థం.

నిప్పుకోడి
అగ్నిమాపక భద్రత నా పని. వాలు గురించి మీరంతా బాగా చెప్పారు, పెట్రోల్ గురించి నేను రెండు మాటలు చెప్తాను. రెండు అన్నాను గానీ ఎక్కువే అవుతాయి.

మండేది పెట్రోల్ కాదు, దాని ఆవిరి. పెట్రోల్ సుమారు మైనస్ 43 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. అంటే మీరు మూత తీసే ప్రతిసారీ, ఎంత చలికాలమైనా, అక్కడ మండే ఆవిరి ఉంటుంది. గాలిలో 1.4 శాతం ఆవిరి ఉన్నా చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పైకి పోదు. నేలను పట్టుకుని పల్లానికి జారుతుంది, గోతుల్లో, తూముల్లో, షెడ్డు మూలల్లో నిలుస్తుంది. మీరు గట్టు మీద పెట్రోల్ పోస్తుంటే, కింద కూర్చుని సిగరెట్ తాగుతున్న మనిషి దగ్గరికి అది నడుచుకుంటూ వెళ్లగలదు.

ఇంధనం నింపే చోటు ఎప్పుడూ ఆరుబయట, చదును నేల. ఇంజిన్ ఆపి చల్లారనివ్వాలి. సైలెన్సర్ వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. "రెండు నిమిషాలే కదా" అని పోసేవాళ్లకు చెప్తున్నా, ఆ రెండు నిమిషాల్లో అది చల్లారదు. చేయి దగ్గరికి తీసుకెళ్తే వేడి తగలనంత వరకు ఆగండి. ఇంజిన్ నడుస్తుండగా మూత తీయడం సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటాను. చెప్పాల్సి వస్తోంది, అదే బాధ.

స్థిర విద్యుత్తును మాత్రం ఎవరూ పట్టించుకోరు. బంకులో ఫోన్ చూసి అందరూ భయపడతారు, అదే మనిషి ట్రక్కు వెనక ప్లాస్టిక్ షీట్ మీద క్యాన్ పెట్టి నింపుతుంటాడు. పెట్రోల్ గొట్టంలో పారుతున్నప్పుడు చార్జ్ పుడుతుంది. క్యాన్ ప్లాస్టిక్ మీద, కార్పెట్ మీద ఉంటే ఆ చార్జ్ నేలలోకి పోయే దారి ఉండదు. ఒక చిన్న నిప్పురవ్వ, అక్కడే ఆవిరి, చాలు. క్యాన్‌ను ఎప్పుడూ బండిలోంచి దింపి నేల మీద పెట్టి నింపండి. నాజిల్‌ను క్యాన్ అంచుకు ఆనించి, పోసినంతసేపు అలాగే ఉంచండి. నాజిల్ ట్రిగ్గర్‌కు ఏదో చెక్కి వదిలేయకండి. మోవర్‌కు కూడా అంతే, ట్రైలర్ మీద ఉండగా పోయకూడదు, కిందికి దింపాకే పోయాలి.

కొత్తబ్లేడు
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది చిన్న మోవర్, అర లీటరు చాలు. వాటర్ బాటిల్‌లో తెచ్చి పోస్తే తప్పా? పోయేటప్పుడు గరాటు కూడా అక్కర్లేదు.

నిప్పుకోడి
తప్పే. ఆ ప్లాస్టిక్ పెట్రోల్‌ను ఎక్కువకాలం తట్టుకోదు, మూత గట్టిగా ఉండదు, ఎండలో ఆవిరి ఒత్తిడికి ఉబ్బుతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, చూడటానికి అది నీళ్ల సీసా. పిల్లలు తాగేస్తారు, దాహం వేసిన పనివాడూ తాగేస్తాడు. పెట్రోల్ కోసం తయారైన క్యాన్‌లోనే తేవాలి, దాని మీద పేరు రాసి ఉండాలి. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇదే కారణంగా నోటితో గొట్టం పీల్చి పెట్రోల్ తీయడం కూడా మానేయాలి.

కొత్తబ్లేడు
అర్థమైంది అన్నా. పోయిన సీజన్‌లో మిగిలింది క్యాన్‌లో ఉంది, అది వాడొచ్చా?

స్పానర్ సూరి
స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే ద్రవం) కలపని పెట్రోల్‌ను నెల దాటాక నేను నమ్మను. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే అడుగున వేరే పొరగా దిగిపోయి కార్బురేటర్‌లోకి అదే ముందు వస్తుంది. చిన్న ఇంజిన్లలో చాలావాటికి 10 శాతం ఇథనాల్ దాకానే అనుమతి, మీ ఇంజిన్‌కు ఎంతో మాన్యువల్‌లో చూడండి. పాతదాన్ని కాలువలో పోయకండి, మీ దగ్గర ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. డెక్ కడగడానికి వాడదాం అని మాత్రం అడగకండి.

కొత్తబ్లేడు
అదే అడగబోయాను 😅

తోట_రాణి
పెట్రోల్ ఒలికినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి. బండి మీద ఒలికితే తుడిచేసి వెంటనే స్టార్ట్ చేసేవాళ్లే ఎక్కువ. అక్కడ స్టార్ట్ చేయకూడదు. బండిని తోసుకుంటూ దూరంగా తీసుకెళ్లి, ఆవిరి పూర్తిగా పోయాకే తాళం తిప్పాలి. బట్టల మీద పడితే నిప్పుకు దూరంగా వెళ్లి వెంటనే బట్టలు మార్చి, చర్మాన్ని సబ్బుతో కడగాలి. ఆ బట్టలతోనే పని చేస్తూ సైలెన్సర్ పక్కన వంగేవాళ్లను చూస్తే నాకు కాళ్లు వణుకుతాయి.

మా ట్రక్కులో పొడి రసాయనపు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎప్పుడూ అందేచోటే ఉంటుంది, పనిముట్ల కింద కాదు. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే పెట్రోల్ నీటిపై తేలి మంటను పరుస్తుంది. ఇక సైలెన్సర్ చుట్టూ పేరుకునే ఎండు గడ్డి. పెట్రోల్ ఏమీ ఒలకకపోయినా దానితోనే బండ్లు కాలిపోతాయి. ఇంజిన్ చల్లారాక రోజూ ఊదేయాలి. వేడి బండిని నేరుగా షెడ్డులో పెట్టి తలుపు వేయకండి.

ఇంకొకటి, గట్టు కోసే రోజు ట్యాంకు ఎంత ఉండాలన్నది. నిండుగా ఉంటే సూరి గారు చెప్పిన వాసన. మరీ అడుగంటితే వాలులో పెట్రోల్ ఒక పక్కకు చేరి గొట్టానికి అందదు, ఇంజిన్ దగ్గుతుంది. గట్టు మధ్యలో ఇంజిన్ ఆగిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. మేము సగానికి కాస్త పైన ఉండేలా చూసుకుంటాం.

పచ్చికదారి
అక్కా, గట్టు మధ్యలో ఇంజిన్ ఆగితే ఏం చేయాలి? మా వాళ్లు సీటు వెనక ఏదో వాల్వ్ తిప్పి తోసేస్తారు.

స్పానర్ సూరి
రాణి గారి బదులు నేను చెప్తాను, ఇది నా ఏరియా. ఆ వాల్వ్ హైడ్రాలిక్ బైపాస్. తిప్పగానే చక్రాలు, పంపు మధ్య సంబంధం తెగి బండి స్వేచ్ఛగా దొర్లుతుంది. చదును మీద తోయడానికి అది. గట్టు మీద తిప్పారంటే బండిని ఆపేది మీ చేతులే. పార్కింగ్ బ్రేకు ఉందిగా అంటారేమో, దాన్ని తీస్తేనే కదా బండి తోయగలరు.

గట్టు మీద ఇంజిన్ ఆగితే బ్లేడ్ల స్విచ్ ఆపి, లివర్లు న్యూట్రల్‌లో లాక్ చేసి, పార్కింగ్ బ్రేకు వేసి, తాళం తీసి, దిగాక చక్రాల కింది వైపు దిమ్మలు పెట్టండి. దిగేది పై వైపుకు. తర్వాత అక్కడే స్టార్ట్ అవుతుందేమో చూడండి, లేదంటే పై నుంచి వించ్‌తో లాగించండి. బండికి కింది వైపు ఎవరూ నిలబడకూడదు.

మైదానం మేస్త్రి
కింది వైపు మనుషుల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. బ్లేడు కొస వేగానికి అమెరికా ప్రమాణం పెట్టిన గరిష్ఠ హద్దు నిమిషానికి 19,000 అడుగులు. గంటకు లెక్కేస్తే దాదాపు 347 కిలోమీటర్లు. ఆ వేగంతో ఒక గులకరాయి గట్టు మీంచి కిందికి వస్తే ఎంత దూరం పోతుందో ఊహించుకో. కోసే ముందు గట్టు నడిచి రాళ్లు, తీగలు ఏరడం, విసిరే వైపు మూత కట్టి పైకి లేపకుండా ఉంచడం ఎవరికీ ఇష్టముండదు, తెలుసు. ఆ నడకలోనే కుందేలు బొరియలు, కొట్టుకుపోయిన చోట్లు, గడ్డిలో దాగిన తూము మూతలు కూడా కనిపిస్తాయి. ఎత్తుగా పెరిగిన గట్టును మొదటిసారి కోస్తుంటే ఈ నడక లేకుండా బండి ఎక్కకు.

పచ్చికదారి
సూపర్‌వైజర్‌కు మాన్యువల్ పేజీ చూపించాను. ఇదీ మా ప్లాన్. గట్టు ఆరాక, సంచి తీసేసి, పైకీ కిందికీ నెమ్మదిగా. మలుపులు పైన చదును మీదే. నీటి అంచున రెండు బండి వెడల్పులు, తూము దగ్గరి 18 డిగ్రీల ముక్క చేతి ట్రిమ్మర్‌తో. ట్యాంకు మూత వాషర్ నిజంగానే చీలి ఉంది, కొత్తది వేశాక వాసన పోయింది.

కింద దిగినప్పుడు మాత్రం మలుపు ఎక్కడ తిప్పాలి? రెండు వెడల్పుల దగ్గర ఆగి రివర్సులో పైకి రావాలా?

మైదానం మేస్త్రి
అవును, ఆగి నేరుగా వెనక్కి రా. టైరుకు పట్టు ఉంటే అది కష్టం కాదు, రివర్సులో ఎక్కలేకపోతే ఆ చోటు నీ బండిది కాదని రాణి గారు ముందే చెప్పారు. వెనక్కి చూసుకుంటూ, బ్లేడ్లు ఆపి. అదే చోట మళ్లీ మళ్లీ ఆగితే గడ్డి నలిగి జారుడవుతుంది, కాబట్టి ఒక్కో వరుస కాస్త పక్కకు జరుపు.

తూము ముక్క, నీటి అంచు ప్రతిసారీ పొట్టిగా కోయాలని కాంట్రాక్టులో ఉందేమో చూడు. లేకపోతే అక్కడ గడ్డిని ఎత్తుగా వదిలేయమని అడుగు. వేళ్లు లోతుగా ఉంటే ఒడ్డు కోసుకుపోదు కూడా. ఇలాంటి గట్లు ఇంకా చాలా ఉంటే రిమోట్‌తో నడిచే గొలుసు చక్రాల మోవర్ అద్దెకు తీసుకోమను. వాటిలో కొన్ని 50 డిగ్రీల వాలులో కూడా నిలబడతాయి, మనిషి పక్కన దూరంగా నిలబడి నడుపుతాడు.

ఏటవాలు
ఆ రిమోట్ బండి నేను చూశాను, బాగుంటుంది. నా మాన్యువల్ కూడా తీశాను, నా మోడల్‌కు అడ్డంగా కోయమనే ఉంది. 10 డిగ్రీల దాకానట. నా గట్టు కొలవాలి.

పచ్చికదారి
చివరిగా ఒక్కటి. ట్రైలర్ ఎక్కించడం కూడా వాలే కదా? మా దగ్గర రెండు విడివిడి పలకలు వేసి ముందుకు ఎక్కిస్తారు.

స్పానర్ సూరి
విడి పలకలు మానేయమనండి. బండి మొత్తం వెడల్పుకు సరిపోయే ఒకే ర్యాంపు కావాలి, ముందు లేస్తే మధ్యలో కాలు పెట్టేందుకూ నేల ఉంటుంది. కోణం 15 డిగ్రీలు దాటకూడదు, అందుకే ర్యాంపు పొడవుగా ఉండాలి. వెనక బరువున్న జీరో టర్న్‌లను ఎక్కించేటప్పుడు రివర్సులో, దింపేటప్పుడు ముందుకు అని చాలా మాన్యువల్స్ చెబుతాయి, మీ దాంట్లో చూడండి. ట్రైలర్ ట్రక్కుకు తగిలించి ఉండాలి, లేకపోతే బండి ఎక్కగానే ట్రైలర్ మూతి లేస్తుంది. ఎక్కించాక పార్కింగ్ బ్రేకు, తాళం తీయడం, నాలుగు మూలలా పట్టీలు. పెట్రోల్ వాల్వ్ కట్టేయండి, లేకపోతే దారిలో కుదుపులకు కార్బురేటర్ పొంగుతుంది.

పచ్చికదారి
ఆ వాల్వ్ ఎక్కడుంటుంది? మా వాళ్లెవరూ ఎప్పుడూ తిప్పినట్టు లేరు.

స్పానర్ సూరి
ట్యాంకు అడుగు నుంచి వచ్చే గొట్టం వెంట చూసుకుంటూ వెళ్లండి, ఫిల్టర్ కంటే ముందే ఉంటుంది చాలావాటిలో. ఎప్పుడూ తిప్పలేదంటే బిగుసుకుపోయి ఉంటుంది. పక్కడ్ పెట్టి బలవంతంగా తిప్పితే విరిగి ట్యాంకంతా కారుతుంది. తిరగకపోతే ట్యాంకు ఖాళీ చేయించి కొత్త వాల్వ్ వేయించండి.